ఖాళీ కిలోమీటరు ఖర్చు ఎవరిది? యాప్ బండికీ స్టాండు బండికీ అసలు తేడా

హైదరాబాద్‌లో ఆటో స్టాండు దగ్గరికి వెళ్లి ఊరి చివర కాలనీ పేరు చెప్పి చూడండి. వచ్చే మొదటి జవాబు దాదాపు ఒకటే: "అటునుంచి గిరాకీ దొరకదు సార్, ఖాళీగా రావాలి." ఎక్కువ డబ్బులు గుంజడానికి చెప్పే సాకని చాలామంది అనుకుంటారు. కొన్నిసార్లు సాకే. కానీ కిరాయి బండి వ్యాపారమంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. మనిషి కూర్చున్న కిలోమీటరుకు డబ్బులొస్తాయి. మనిషి లేని కిలోమీటరుకు గ్యాసు, టైరు, డ్రైవర్ టైము ఖర్చవుతాయి తప్ప పైసా రాదు. ఆ ఖర్చు ఎవరో ఒకరి మీద పడాల్సిందే.

యాప్‌లో బుక్ చేయాలా, రోడ్డు మీద ఆటో మాట్లాడుకోవాలా, తెలిసిన ట్రావెల్స్‌కి ఫోన్ చేయాలా అన్న ప్రశ్నకు "ఏది చవక" అని వెతికితే తిన్నగా జవాబు దొరకదు. ఒకరోజు ఒకటి చవక, మర్నాడు ఇంకొకటి. ఈ ప్రయాణంలో ఖాళీగా తిరిగే దూరం ఎంత, దాని ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు అని చూస్తే మాత్రం లెక్క తేలుతుంది. ధర ఎందుకు పెరిగింది, డ్రైవర్ ఎందుకు క్యాన్సిల్ చేశాడు, ఊరికి వెళ్లే కారు రాను పోను రెండు వైపులా ఎందుకు వసూలు చేస్తుంది అన్నవాటికి కూడా సగం జవాబులు అక్కడే ఉన్నాయి.

మీటరు ఎక్కడ ఆగిపోయింది

హైదరాబాద్ ఆటోల మీటరు ధర 2014లో మార్చారు. మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11. ఆ తర్వాత పదేళ్లు గడిచినా అదే ధర. 8 కిలోమీటర్ల ప్రయాణానికి ఆ లెక్కన 90 రూపాయలు అవుతుంది. ఈ పదేళ్లలో ఇంధనం, ఇన్సూరెన్సు, ఫైనాన్సు కిస్తీ, ఇంటద్దె ఎక్కడికి చేరాయో ఇల్లు నడిపే ప్రతివాళ్లకీ తెలుసు. 90 రూపాయలకు 8 కిలోమీటర్లు రమ్మంటే ఎవరూ రారు. రానందుకు డ్రైవర్‌ను తిట్టడం తేలిక. ధర సవరించాల్సిన పని ప్రభుత్వానిది, ఆ పని జరగలేదు.

మీటరుకు ఇంకో లోపం కూడా ఉంది. దాని కంటికి కూర్చున్న మనిషి తప్ప ఖాళీగా వచ్చే దూరం కనిపించదు. దిగిన చోటే ఇంకో మనిషి చెయ్యెత్తుతాడన్న నమ్మకం మీద అది నడిచింది. కోఠి, ఆబిడ్స్, సికింద్రాబాద్ స్టేషన్ లాంటి చోట ఒకరు దిగేలోపే ఇంకొకరు ఎక్కేవారు కాబట్టి ఆ నమ్మకం సరిపోయింది. నగరం కొంపల్లికీ నార్సింగికీ ఔటర్ రింగ్ రోడ్డు దాకా పాకాక సరిపోలేదు. రాత్రి తొమ్మిదింటికి ఊరి చివర గేటెడ్ కమ్యూనిటీ ముందు మనిషిని దింపిన ఆటోకు అక్కడ చెయ్యెత్తేవాళ్లు ఉండరు. అందుకని డ్రైవర్ తిరుగు దూరంలో కొంత ముందే కలిపి అడగడం మొదలుపెట్టాడు. మీటరు పక్కకు పోయి బేరం వచ్చింది.

బేరంలో న్యాయం ఎంత అన్నది చెప్పడం కష్టం. దారి తెలిసిన మనిషికి ఒక ధర, రైలు దిగి సూట్‌కేసుతో బిక్కముఖం వేసుకున్న మనిషికి ఇంకో ధర. చిన్నపిల్లను ఎత్తుకున్న తల్లి, వానలో తడుస్తున్న ముసలాయన బేరమాడే స్థితిలో ఉండరు. స్టాండు ఆటో మీద జనానికి పేరుకున్న కోపానికి కారణం ఇదే. ఆ కోపం అర్థం లేనిది కాదు.

యాప్ ఏం చెప్పి వచ్చింది

కారు వైపు చూస్తే, యాప్‌ల కంటే ముందే ఫోన్ చేస్తే వచ్చే మీటరు క్యాబ్‌లు ఉండేవి. మేరు లాంటి కంపెనీలు 2007 నుంచి పెద్ద నగరాల్లో ఏసీ కార్లు నడిపాయి. 2008లో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారడంతో హైదరాబాద్‌లో వాటి అవసరం బాగా పెరిగింది. 2010 చివర్లో ఓలా పుట్టింది. 2013లో ఊబర్ బెంగళూరులో దిగింది. 2015 మేలో ఊబర్ నగదు తీసుకోవడం మొదలుపెట్టింది మన హైదరాబాద్‌లోనే. అప్పటిదాకా నగదు ముట్టని కంపెనీ ఇక్కడి జనం జేబు చూసి తన పద్ధతి మార్చుకుంది.

యాప్ ఇచ్చిన మాట ఒకటే: బండి ఖాళీగా తిరిగే దూరం తగ్గిస్తాం. నువ్వు దిగబోతున్న చోటికి దగ్గర్లో ఇంకెవరో బండి కోసం చూస్తున్నారు, వాళ్లను డ్రైవర్‌కు ముందే చూపిస్తాం. ఖాళీ తగ్గితే ధర తగ్గుతుంది, డ్రైవర్ సంపాదనా పెరుగుతుంది. వినడానికే కాదు, లెక్కలోనూ సరైన మాటే. స్టాండులో పడిగాపులు కాయడం కంటే ఇది మెరుగైన పద్ధతి అని ఇప్పటికీ నా అభిప్రాయం.

అయితే మొదటి రెండు మూడేళ్లు ధర తక్కువగా ఉన్నది ఆ తెలివి వల్ల మాత్రమే కాదు. పెట్టుబడి పెట్టినవాళ్ల డబ్బుతో ప్రయాణికుడికి డిస్కౌంటు, డ్రైవర్‌కు ఇన్సెంటివ్ ఇచ్చారు. ఆ ఇన్సెంటివ్ చూసి ఎందరో అప్పు చేసి కార్లు కొన్నారు. పల్లెలో పొలం తాకట్టు పెట్టి కారు తీసుకుని నగరానికి వచ్చినవాళ్లున్నారు. ఇన్సెంటివ్‌లు తగ్గాయి, కిస్తీ తగ్గలేదు. 2017 మొదట్లో హైదరాబాద్, బెంగళూరు, దిల్లీలలో డ్రైవర్లు సమ్మెలకు దిగింది ఇందుకే. ఆనాటి ధరను గుర్తుపెట్టుకుని ఇప్పుడు యాప్ ఖరీదైపోయిందని బాధపడేవాళ్లు ఒకటి గమనించాలి. అది నిలబడే ధర కాదు.

యాప్ వచ్చాక ఖాళీ దూరం పూర్తిగా పోలేదు. మారింది దాని చోటు. ఇదివరకు దింపి తిరిగొచ్చేటప్పుడు ఉండేది, ఇప్పుడు ఎక్కించుకోవడానికి వచ్చేటప్పుడు కూడా ఉంది. మీరు 2 కిలోమీటర్లు వెళ్లాలి, బండి 3 కిలోమీటర్ల అవతల ఉంది అనుకోండి. డ్రైవర్ 5 కిలోమీటర్లు నడిపితే డబ్బులొచ్చేది రెండింటికి. కమిషన్ తీసుకునే యాప్ అయితే దాంట్లో కంపెనీ వాటా కూడా పోవాలి. ఐదో వంతో నాలుగో వంతో అటు పోయాక మిగిలేదెంత? అతను బుకింగ్ తీసుకుని ఒక నిమిషం ఆలోచించి క్యాన్సిల్ చేస్తాడు. మీ ఫోన్లో "వేరే డ్రైవర్‌ను వెతుకుతున్నాం" అని తిరుగుతూనే ఉంటుంది, మీకు ఆఫీసు టెన్షన్. స్టాండులో "రాను" అని ముఖం మీద చెప్పేవాడు. యాప్‌లో అదే మాట బటన్ నొక్కి చెబుతున్నాడు.

"ఎక్కడికి సార్? క్యాషా, ఆన్‌లైనా?" అన్న ఫోన్ కూడా ఇక్కడి నుంచే వచ్చింది. ఎక్కడికి అని అడిగేది తిరుగు గిరాకీ లెక్క వేసుకోవడానికి. క్యాషా అని అడిగేది సాయంత్రం గ్యాసు పోయించుకోవడానికి చేతిలో డబ్బు ఉండాలి గనక. యాప్‌లో కట్టే ఆన్‌లైన్ డబ్బు కంపెనీ దగ్గరికి వెళ్లి, అక్కడ లెక్క తేలాక వస్తుంది. ఆ ప్రశ్న వినగానే మనకు చిరాకు రావడం సహజం. అడిగేవాడి అవసరం మాత్రం నిజమైనదే.

కమిషన్ పోయింది, బేరం తిరిగొచ్చింది

గత రెండు మూడేళ్లలో వచ్చిన మార్పును చాలామంది ప్రయాణికులు గమనించలేదు. యాప్‌లో ఆటో బుక్ చేసేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

2022 నవంబరులో బెంగళూరులో నమ్మ యాత్రి అనే ఆటో యాప్ మొదలైంది. కిరాయిలో కమిషన్ తీసుకోదు. డ్రైవర్ రోజుకు ఇంతని చిన్న రుసుము కడితే చాలు, వచ్చిన కిరాయంతా అతనిదే. డ్రైవర్లు అటు వెళ్లిపోవడం మొదలయ్యాక మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. 2024లో రాపిడో, 2025 ఫిబ్రవరిలో ఊబర్, అదే ఏడాది జూన్‌లో ఓలా ఆటోల విషయంలో కమిషన్ తీసేసి రుసుము పద్ధతికి వచ్చాయి.

డ్రైవర్‌కు ఇది మంచి మార్పు. ప్రయాణికుడికి వచ్చేసరికి దీనికి ఇంకో వైపు ఉంది. రుసుము పద్ధతిలో కంపెనీ పని ఇద్దరినీ కలపడం వరకే. ఊబర్ ఆటోలో తెర మీద కనిపించే ధర సూచన మాత్రమేననీ, ఎంత ఇవ్వాలన్నది ప్రయాణికుడు, డ్రైవర్ మాట్లాడుకోవాలనీ కంపెనీయే ప్రకటించింది. డబ్బు కూడా నేరుగా డ్రైవర్ చేతికే, నగదో యూపీఐయో. అంటే యాప్‌లో బుక్ చేసిన ఆటో ఎక్కేటప్పుడు "ఇంకో 30 ఇవ్వండి సార్" అంటే, పదేళ్ల కిందటి యాప్ హామీని గుర్తుచేసి వాదించడానికి ఇప్పుడు పెద్ద ఆధారం లేదు. స్టాండు బేరమే ఫోన్లోకి వచ్చింది. తేడా ఏమిటంటే, ఎంత అడగొచ్చన్నదానికి తెర మీది అంకె ఒక గీత గీస్తుంది. బేరం రానివాళ్లకు ఆ గీత చాలా పెద్ద అండ.

కార్ల విషయంలో అన్ని కంపెనీలదీ ఒకే పద్ధతి కాదు, తరచూ మారుతోంది కూడా. అందుకని ఆటోకూ కారుకూ ఒకే నియమం అనుకోవద్దు. బుక్ చేసే ముందు ధర కింద సన్న అక్షరాల్లో ఉన్నది ఒకసారి చదవాలి.

పన్ను తేడా కూడా ఉంది. 2022 జనవరి 1 నుంచి యాప్ ద్వారా బుక్ చేసిన ఆటో ప్రయాణం మీద 5 శాతం జీఎస్‌టీ వేశారు. అదే ఆటోను రోడ్డు మీద చెయ్యెత్తి ఆపితే ఆ పన్ను లేదు. రుసుము పద్ధతి వచ్చాక ఈ పన్ను ఎవరికి వర్తిస్తుందన్న దాని మీద కర్ణాటకలో అధికారులే ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా తీర్పులిచ్చారు. ఒకే దారిలో రెండు యాప్‌ల ధరలు తేడాగా ఉండడానికి ఇదీ ఒక కారణం.

ఇక తెర మీది అంకెను నిర్ణయించేదెవరు? డ్రైవర్ కాదు. కంపెనీ ప్రోగ్రామ్. డ్రైవర్లందరి తరఫునా ఒకే ప్రోగ్రామ్ ధర పెట్టడం కుమ్మక్కు కాదా అని ఒకాయన కంపెనీల మధ్య పోటీ సరిగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్‌కు వెళ్లారు. 2018లో కమిషన్ ఆ ఫిర్యాదును తోసిపుచ్చింది, 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. 2025 జనవరిలో ఐఫోన్‌కు ఒక ధర, ఆండ్రాయిడ్‌కు ఇంకో ధర చూపిస్తున్నారన్న ఆరోపణ మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఓలా, ఊబర్‌లకు నోటీసులిచ్చింది. అలాంటిదేమీ లేదని రెండు కంపెనీలూ చెప్పాయి. ఈ గొడవ ఎటు తేలినా, రెండు యాప్‌లు తెరిచి పోల్చుకోవడం మన చేతిలోని పని. అర నిమిషం పడుతుంది.

2025 నిబంధనల్లో ఏముంది

2025 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ యాప్ కంపెనీలకు కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. రద్దీ వేళ మూల ధరకు రెండు రెట్ల దాకా వసూలు చేయవచ్చు. 2020 నాటి మార్గదర్శకాల్లో ఇది ఒకటిన్నర రెట్లే. రద్దీ లేనప్పుడు మూల ధరలో సగం కంటే తగ్గకూడదు. బండి సొంతదారైన డ్రైవర్‌కు కిరాయిలో కనీసం 80 శాతం చేరాలి. సరైన కారణం లేకుండా క్యాన్సిల్ చేస్తే ఎవరు చేసినా కిరాయిలో 10 శాతం, గరిష్ఠంగా 100 రూపాయలు జరిమానా.

నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇంకో నిబంధన. మూల ధర కనీసం 3 కిలోమీటర్లకు ఉండాలి, ఎందుకంటే డ్రైవర్ ఖాళీగా వచ్చే దూరానికీ ఇంధనానికీ అది పరిహారం అని అందులో రాశారు. ఖాళీ కిలోమీటరు అనేది ఒకటుందని, దానికి డబ్బు ఇవ్వాలని ప్రభుత్వ కాగితం ఒప్పుకుంది. మన మీటరు కంటికి కనిపించని దూరమే ఇది. మరి మూల ధర ఎంత? అది రాష్ట్రం ప్రకటించాలి. రాష్ట్రం నిజమైన ఖర్చులు లెక్కవేసి ప్రకటించకపోతే రెండు రెట్లు, సగం అన్న హద్దులకు అర్థం ఉండదు. దేనికి రెండు రెట్లు అన్నది ముందు తేలాలి కదా.

తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ ఏళ్లుగా అడుగుతున్నదీ ఇంచుమించు ఇదే, కిలోమీటరుకు ఇంతని ఒకే ధర. 2024 ఏప్రిల్‌లో వాళ్లు "నో ఏసీ" ఉద్యమం చేశారు. కంపెనీ ఇచ్చే కిరాయితో ఏసీ వేస్తే గిట్టదు, ఏసీ కావాలంటే టిప్ ఇవ్వండి అన్నారు. ఎండలో కారెక్కిన మనిషికి కోపం వచ్చింది. కానీ ఆ కారులో కూర్చున్న ఇద్దరిలో ధర పెట్టింది ఎవరూ కాదు.

ఏ ప్రయాణానికి ఏది

నాలుగు కిలోమీటర్ల లోపు దూరానికి, పగటిపూట, దారి తెలిసిన చోటికి రోడ్డు మీద పోతున్న ఆటోను ఆపడమే మేలు. బండి మీ ముందే ఉంది, ఖాళీగా వచ్చే దూరం లేదు, ఎదురుచూపు లేదు. యాప్‌లో ధర చూసి పెట్టుకుని, అదే ధర అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. మెట్రో స్టేషన్ నుంచి కాలనీ దాకా షేర్ ఆటో ఉంటే ఇంకా మంచిది. విశాఖలో, విజయవాడలో పెద్ద రోడ్ల వెంట తిరిగే షేర్ ఆటోలది ఇదే బలం. అటూ ఇటూ మనుషులు ఎక్కుతూ దిగుతూ ఉంటారు గనక ఆ దారిలో ఖాళీ దూరం దాదాపు లేదు. పది, ఇరవై రూపాయల్లో పని జరగడానికి అదే కారణం.

ఈ షేర్ ఆటోల పరిస్థితి కూడా మారుతోంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. లక్షలమంది ఆడవాళ్లకు అది గొప్ప మేలు. అదే సమయంలో బస్సు దారిలో నడిచే ఆటోకు గిరాకీ పడిపోయింది. రెండు రాష్ట్రాల్లోనూ ఆటోడ్రైవర్లు రోడ్డెక్కింది అందుకే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డ్రైవర్లకు ఏడాదికి 15,000 రూపాయల సాయం ప్రకటించింది.

సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు నుంచి బయటపడాలంటే యాప్ తప్ప దారి తక్కువ. అందరూ ఒకే వైపు వెళ్తారు, బండ్లన్నీ ఖాళీగా వెనక్కి రావాలి, అందుకే ధర ఎగురుతుంది. ఆఫీసు గేటు ముందు నిలబడి బుక్ చేయకుండా, వెళ్లాల్సిన వైపు రోడ్డుకు ఐదు నిమిషాలు నడిచి అక్కడ పిన్ పెట్టండి. హైదరాబాద్‌లో చాలా జంక్షన్లు మూసేసి యూటర్నులు పెట్టారు. రోడ్డు ఇటువైపు ఉంటే 2 నిమిషాల్లో వచ్చే బండి, అటువైపు ఉంటే కిలోమీటరు పైన తిరిగి రావాలి. డ్రైవర్ క్యాన్సిల్ చేసేది చాలాసార్లు ఆ యూటర్ను చూసే. ఫ్లైఓవర్ కింద పిన్ పెడితే అది పైన చూపిస్తోందో కింద చూపిస్తోందో సరిచూసుకోండి.

శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లేటప్పుడు యాప్ బాగానే పనిచేస్తుంది. అక్కడ దిగే విమానాలు ఎప్పుడూ ఉంటాయి, తిరుగు గిరాకీ దొరుకుతుందన్న ధైర్యం డ్రైవర్‌కు ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటి విమానానికి మాత్రం అప్పటికప్పుడు బుక్ చేద్దామని కూర్చోవద్దు. ముందురోజే తెలిసిన డ్రైవర్‌తో మాట్లాడుకోండి. యాప్‌లో ముందుగా షెడ్యూల్ చేసినా, చాలావరకు బండిని వెతికేది ఆ సమయం దగ్గరపడ్డాకే. విమానం దిగి వచ్చేటప్పుడైతే ప్రీపెయిడ్ ట్యాక్సీ కౌంటర్‌ను ఒకసారి చూడండి. రద్దీ వేళ యాప్ ధర దాన్ని దాటిపోతుంటుంది. సామాను తక్కువగా ఉంటే ఆర్టీసీ పుష్పక్ బస్సు ఉండనే ఉంది.

ఊరి ప్రయాణం: లెక్క ఇక్కడే తప్పుతుంది

హైదరాబాద్ నుంచి విజయవాడకో, తిరుపతి నుంచి కాణిపాకం, శ్రీకాళహస్తికో కారు మాట్లాడుకునేటప్పుడు జనం ఎక్కువగా మోసపోయామని బాధపడతారు. నిజానికి చాలాసార్లు అది మోసం కాదు. ఏం ఒప్పుకున్నామో తెలియకపోవడం.

ట్రావెల్స్ కారు పద్ధతి ఇలా ఉంటుంది. కిలోమీటరుకు ఇంత, రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లు, డ్రైవర్ బత్తా రోజుకు ఇంత, టోల్‌గేట్లు, పార్కింగ్, వేరే రాష్ట్రం పర్మిట్ వేరు. కనీసం 300 కిలోమీటర్లు, కిలోమీటరు 14 రూపాయలు అనుకుందాం. విజయవాడ రాను పోను సుమారు 550 కిలోమీటర్లు. ఒకే రోజులో వెళ్లొస్తే 550కి 7,700 రూపాయలు, దాని మీద ఒకరోజు బత్తా, టోల్. ఒక రాత్రి ఉండి వస్తే రెండు రోజుల కనీసం 600 కిలోమీటర్లు, 8,400 రూపాయలు, రెండు రోజుల బత్తా. మూడో రోజు వస్తే తిరగకపోయినా 900కి లెక్క. కారు ఆ మూడు రోజులు వేరే కిరాయికి పోకుండా మీ కోసం ఆగింది మరి.

అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి, ఈ రెండూ మర్చిపోతారు. రోజు లెక్క ఎప్పటి నుంచి? చాలా ట్రావెల్స్ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా ఒక రోజు అంటారు. రాత్రి పదింటికి బయల్దేరితే రెండు గంటల్లోనే మొదటి రోజు అయిపోతుంది. పొద్దున నాలుగింటికి బయల్దేరితే ఒక రోజు మిగులుతుంది. రెండో ప్రశ్న, కిలోమీటర్ల లెక్క ఎక్కడి నుంచి? మీ ఇంటి నుంచా, వాళ్ల షెడ్డు నుంచా? షెడ్డు ఉప్పల్‌లో, మీ ఇల్లు మియాపూర్‌లో అయితే ఆ అటూ ఇటూ దూరం మీ బిల్లులోనే పడుతుంది. బయల్దేరేటప్పుడు రీడింగ్‌ను ఫోన్లో ఫోటో తీసుకోండి, డ్రైవర్ ముందే. దానికి ఎవరూ ఏమీ అనుకోరు.

వెళ్లి అక్కడే దిగిపోయే ప్రయాణమైతే యాప్‌లలో వన్‌వే కార్లు చవక. వాళ్లకు అటునుంచి వచ్చే మనిషిని వెతికే వీలుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ, గుంటూరు, వరంగల్ లాంటి దారుల్లో ఆ మనిషి దొరుకుతాడు. చిన్న ఊరికి వెళ్లాలంటే దొరకడు, అప్పుడు వన్‌వే ధరలో తిరుగు దూరం దాగి ఉంటుంది లేదా చివరి నిమిషంలో బండే రాదు. సంక్రాంతికి ముందు రోజుల్లో అందరూ హైదరాబాద్ నుంచి ఆంధ్రా వైపే వెళ్తారు, ఎదురు గిరాకీ ఉండదు. ఆ వారంలో వన్‌వే చవక అన్న మాట చెల్లదు.

గుడులు తిరగడానికి, పెళ్లిపనులకు, ఆస్పత్రికి తీసుకెళ్లి పరీక్షలయ్యేదాకా ఆగి తీసుకురావడానికి ట్రావెల్స్ కారుకు సాటి లేదు. యాప్‌కు నిమిషం నిమిషం లెక్క. ట్రావెల్స్ డ్రైవర్ దర్శనం ఆలస్యమైతే ఆగుతాడు, భోజనానికి మంచి మెస్సు ఎక్కడుందో చెబుతాడు, పెద్దావిడను చెయ్యి పట్టుకుని దింపుతాడు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. తెలిసినవాళ్ల కారు, చవకగా వస్తారు అని తెల్లబోర్డు బండిని కిరాయికి తీసుకోవద్దు. సొంత వాడకానికి చేసిన ఇన్సూరెన్సు పాలసీలో కిరాయికి తిప్పడం నిబంధనకు విరుద్ధం. దారిలో ప్రమాదం జరిగితే పరిహారం కోసం ఏళ్ల తరబడి తిరగాల్సింది కుటుంబమే. పసుపుబోర్డు ఉందో లేదో చూడండి.

భద్రత

యాప్‌లో బండి నంబరు, డ్రైవర్ పేరు, వెళ్లిన దారి రికార్డవుతాయి. ఇంట్లోవాళ్లకు లింకు పంపొచ్చు. రాత్రిపూట ఒంటరిగా వెళ్లే ఆడపిల్లకు రోడ్డు మీద ఆపిన ఆటో కంటే ఇది మేలు, ఇందులో నాకు సందేహం లేదు. అయితే ఆ రికార్డుకు విలువ ఉండాలంటే వచ్చింది ఆ బండే, ఆ మనిషే అయ్యుండాలి. ఒకరి ఐడీ మీద ఇంకొకరు నడపడం జరుగుతోంది. నంబరు ప్లేటు కలవకపోతే, ముఖం కలవకపోతే ఎక్కకండి. ఓటీపీ చెప్పకముందే ఇది చూసుకోవాలి.

రోడ్డు మీద ఆటో ఎక్కాల్సి వస్తే తెలంగాణలో టీ-సేఫ్ సేవ ఉంది, 2024 మార్చిలో పోలీసు మహిళా భద్రతా విభాగం తెచ్చింది. 100కు డయల్ చేసి 8 నొక్కితే మీ ప్రయాణాన్ని గమనిస్తారు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, మామూలు ఫోన్ చాలు. మన ఇళ్లలో అమ్మలకు, పనిచేసి రాత్రి ఇంటికొచ్చే ఆడవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

డ్రైవర్ రానంటే చట్టంలో దానికీ సెక్షన్ ఉంది, మోటారు వాహనాల చట్టంలోని 178. కొత్త సంవత్సరం రాత్రి హైదరాబాద్ పోలీసులు ఇచ్చే ప్రకటనల్లో దీన్నే గుర్తుచేసి, బండి నంబరు, చోటు, సమయం రాసి ఫిర్యాదు పంపమంటారు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు కూకట్‌పల్లిలో అమ్మానాన్నలకు ఆస్పత్రికి బండి బుక్ చేయడం మన ఇళ్లలో ఇప్పుడు మామూలు సంగతి. డ్రైవర్ ఫోన్ చేస్తే అది అమెరికాలో మోగుతుంది, అక్కడ అర్ధరాత్రి. ఓటీపీ ఫోన్లో చెప్పేలోపు డ్రైవర్ వెళ్లిపోతాడు. నాన్న గేటు దగ్గర నిలబడే ఉంటాడు. వేరేవాళ్ల కోసం బుక్ చేసే వీలు ఉన్న యాప్‌లో వాళ్ల నంబరు ఇస్తే ఓటీపీ, డ్రైవర్ ఫోన్ నేరుగా వాళ్లకే వెళ్తాయి. ఈ ఒక్క మార్పు చాలా కష్టం తగ్గిస్తుంది.

అయినా డయాలసిస్‌కో ఫిజియోథెరపీకో వారానికి రెండు మూడుసార్లు వెళ్లే పెద్దవాళ్లకు యాప్ సరైనది కాదని నా గట్టి నమ్మకం. ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ ఇల్లు వెతకడం, ప్రతిసారీ క్యాన్సిల్ భయం. ఆ వయసులో అంత టెన్షన్ అక్కర్లేదు. దగ్గర్లో స్టాండులో ఉండే ఆటో ఆయననో, కాలనీలో ఉండే క్యాబ్ డ్రైవర్‌నో నెలకు మాట్లాడుకోండి. అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ను అడిగితే ఎవరు నెమ్మదస్తుడో చెబుతాడు. లైసెన్సు, బండి ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు కాగితాలు ఒకసారి చూసి, ఫోటోలు దగ్గర పెట్టుకోండి. ధర మాట్లాడేటప్పుడు మాత్రం రాను పోను దూరమే లెక్కవేయకండి. ఆస్పత్రి దగ్గర దింపి ఖాళీగా వెనక్కి రావడం, మళ్లీ ఖాళీగా వెళ్లి తీసుకురావడం, లేదంటే నాలుగు గంటలు అక్కడే ఆగడం కూడా ముందే కలిపి మాట్లాడండి. ఆ లెక్క వదిలేసి చవకగా కుదిరిందని సంతోషిస్తే, రెండో నెలలో మంచి కిరాయి తగిలిన రోజు ఆయన ఫోన్ ఎత్తడు.